కదపకూడని జాడీలు

లేదా ఆ నూనెపొరను అసలు చూడనేలేదేమో. టార్చి వెలుగు గాజు మీద ఏటవాలుగా పడితే అలాంటి గీతలు కనపడుతూనే ఉంటాయి. పైగా ఆ సాయంత్రం లోడ్‌షెడ్డింగు. కరెంటు పోవడానికీ జనరేటరు అందుకోవడానికీ మధ్య, చెమట కళ్లలోకి దిగుతుండగా చూసిన చూపు అది. అలసిన కళ్లు వేలిగోరంత నూనెపొరను కల్పించుకోలేవా? కల్పించుకోగలవు. కళ్లు ఎన్ని కల్పించుకోవు. అయితే మరి, ఆ పొర పక్కన బొటనవేలు ఆనించి, గోరుతో దాని మందం పోల్చి చూసింది ఎవరు? గోరు కూడా కల్పించుకుందా?

బైరాగి మూడో జాడీ ముందు ఇంకాస్త వంగాడు. లోపల బూడిదరంగు ముద్ద మెడ దాకా నిండుగా, ఏమీ ఎరగనట్టు ఉంది. పైన పొర లేదు. తేరిన నూనె చుక్కయినా లేదు. కొత్తగా ఉన్నదల్లా గాజు మీద ఒక బొట్టు. మనిషికైతే నుదురుండే చోట, ఎవరో వేలితో శ్రద్ధగా దిద్దిన సిందూరం బొట్టు.

అరల్లో ఉన్న జాడీలన్నింటికీ ఉంది. నిన్న విశ్వకర్మ పూజ.

ఆ గది బెంగాలీల రేవు నగరంలో, తారాతలా రోడ్డులో, గేటు మీద పేరు రాసుకోని ఒక పరిశోధనశాల కింద, నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. హీటర్లు పెట్టి ఏడాది పొడుగునా నడివేసవిలా ఉంచుతారు. పైన జనం చలికోట్లు వేసుకున్న రోజుల్లో కూడా కింద బైరాగి చొక్కా వీపుకు అంటుకునే ఉంటుంది. జాడీల్లో ఉన్నది రాకెట్టు ఇంధనం. కిరసనాయిలు జాతి నూనెలో అల్యూమినియం పొడి కలిపి, ఆ పొడి అడుక్కి దిగిపోకుండా నూనెనే జిగురులా గట్టిపరిచారు. కదపకుండా వదిలేస్తే హల్వాలా నిలబడుతుంది. గొట్టంలోకి బలంగా నెడితే నీళ్లలా పారుతుంది. నెట్టడం ఆపితే మళ్లీ బిగుసుకుంటుంది. దాన్ని తయారుచేసిన హైదరాబాదు వాళ్లకు తెలియాల్సింది ఒకటే, ఎన్నేళ్లు అలా ఉండగలదు అని. రాకెట్టు ఎగిరేది కాసేపు. అంతకు ముందు దాని ఇంధనం ఏ గిడ్డంగిలోనో ఏళ్ల తరబడి పడి ఉండాలి. ఆ పడి ఉండటాన్ని కనిపెట్టుకుని ఉండటం బైరాగి ఉద్యోగం. నూనె పైకి తేరిందా, పొడి కిందికి దిగిందా, ముద్దలో బుడగలు లేచాయా. అలా విడిపోయిన ఇంధనం గొట్టాల్లో అడ్డుపడుతుంది, పేలినా పేలవచ్చు. చూడాలి, అంతే. కదపకూడదు. జాడీని కదిపితే ముద్ద సడలుతుంది, తేరిన నూనె మళ్లీ అందులో కలిసిపోతుంది, చూడవలసినది కనపడకుండా పోతుంది.

పెళ్లయిన కొత్తలో సుందరి అడిగితే, "పెరుగు తోడుపెట్టి, అది నీరు విడవకుండా కాపలా కాయడం" అని చెప్పాడు.

"దానికింత సదువెందుకు బావా? మూతెట్టి, కదపకుండా ఒగ్గేస్తే సాలదా?"

"అదే నా పని."

సుందరి చాలాసేపు నవ్వింది. తను హాస్యమాడలేదని చెప్పడానికి బైరాగికి ఆ తర్వాత సందర్భం దొరకలేదు.

నిజానికి ఆ పనికి అతన్ని చదువు తయారుచెయ్యలేదు, ఏక్‌బాల్‌పూర్‌లో వాళ్లుండే గది తయారుచేసింది. చిన్నప్పుడు ఆ గదిలో నాన్న, అమ్మ, ఇద్దరు బాబాయిలు, శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా ఓడరేవు డాకుల్లో పనికొచ్చినవాడు ఎవడో ఒకడు, పిల్లలు, అందరూ బుట్టలో చేపల్లా పడుకునేవారు. ఒకడు పక్కకు తిరిగితే వరసంతా తిరగాలి. రాత్రి పాళీ చేసి పొద్దున్నే కన్ను మూసినవాడు లేస్తే చెంప పగిలేది. అందుకని బైరాగి కదలకుండా పడుకోవడం నేర్చుకున్నాడు. దురద పుట్టినా గోక్కోకుండా, అది తనంతట తాను చల్లారే దాకా దాన్ని గమనిస్తూ ఉండటం నేర్చుకున్నాడు. కెమిస్ట్రీ డిగ్రీతో ఇక్కడ చేరినప్పుడు డైరెక్టరు గారు అతన్ని ఎగాదిగా చూసి, "నువ్వు కుర్చీలో కదలవయ్యా, ఆ గదికి నువ్వే సరి" అన్నాడు. ఆ మాటకు బైరాగి సంతోషించాడు కూడా. తనలోని భయాన్ని ఎవరో గుణమని పిలవడం అదే మొదటిసారి.

ఐదేళ్లకు పెట్టిన పరీక్ష. ఈ నెలతో సరి. ఎల్లుండి హైదరాబాదు నుంచి రఘురాం గారు వస్తున్నాడు. జాడీలు బాగుంటే వాటిని తీసుకుపోతాడు, వాటి వెనకే బైరాగికి హైదరాబాదుకు బదిలీ. బాగుండకపోతే ముద్ద పాళ్లు మారుస్తారు, కొత్త జాడీలు వస్తాయి, మళ్లీ ఐదేళ్లు. అప్పుడు ఈ గదికి ఎవరన్నది అడగనక్కర్లేదు. డైరెక్టరు గారు ముందే చెప్పి పెట్టాడు, పరీక్ష నెగ్గే దాకా బైరాగిని వదిలేది లేదని.

పూజ ముందు రోజు సాయంత్రం మూడో జాడీలో పొర కనపడినప్పుడు పైన ఎవరూ లేరు. అందరూ పందిరి దగ్గర ఉన్నారు. పండుగ మర్నాడు చెబుదామనుకున్నాడు. మర్నాడంటే ఇదే. చెప్పడానికి ఇప్పుడు ఏముంది, బొట్టు తప్ప.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. హారాధన్ వచ్చాడు. పరిశోధనశాలలో అందరికంటే పాత అటెండరు, యూనియన్ మనిషి, పూజకు పెద్ద. చేతిలో సాలచెట్టు ఆకుల దొప్ప, దాంట్లో శనగలు, కోసిన పండ్లు.

"ఇదుగో ప్రసాదం, బైరాగీబాబూ. నిన్న మొహం చూపించలేదేం? కిచిడీ అడుగంటింది, అయినా జనం గిన్నె నాకి వదిలారు."

ఇద్దరూ మాట్లాడుకునేది బెంగాలీలోనే. పెద్దవాడని బైరాగి అతన్ని 'దా', అంటే అన్నా, అని పిలుస్తాడు.

"హారాధన్‌దా, ఈ గది తలుపు ఎవరు తీశారు?"

"తాళంచెవి తీసింది. నువ్వే కదా దేవుడి కాళ్ల దగ్గర పెట్టావు."

పెట్టాడు. పూజ ముందు రోజు ఎవరి పనిముట్టు వాళ్లు విశ్వకర్మ విగ్రహం ముందు పెట్టాలి. రెంచి, రంపం, త్రాసు, ఆఖరికి టైపు కొట్టే అమ్మాయి రిబ్బను డబ్బా. చేరిన ఏడు బైరాగి ఉత్త చేతులతో వెళితే హారాధన్ అడ్డం పడ్డాడు. "నువ్వు దేనితో పని చేస్తావు?" "కళ్లతో." "కళ్లు పీకి పెట్టలేం కదా. తాళంచెవి పెట్టు." అప్పటి నుంచి ఏటా పెడుతున్నాడు. గది తాళంచెవి చేతిలోంచి పోకూడదన్నది నియమం. దేవుడి ముందు పెట్టడం చేతిలోంచి పోవడం కిందికి రాదని ఎవరూ చెప్పకుండానే అందరూ అనుకున్నారు. ఏటా హారాధన్ ఆ చెవిని అక్కడే ఉంచి, తలుపుకు ఒక బంతిపూల దండ తగిలించి పోయేవాడు.

"ఈ ఏడు లోపలికెందుకు వెళ్లావు?"

"ఎందుకేంటి? ఐదేళ్లుగా చూస్తున్నాను. లేతు మిషనుకు బొట్టు, నీళ్ల పంపుకు బొట్టు, డైరెక్టరు గారి కారుకు బొట్టు. ఇవేం పాపం చేశాయి? రేపో మాపో ఊరు దాటి పోయేవి. బొట్టు లేకుండా పంపిస్తామా?" హారాధన్ అరల వైపు ఇంటి ఆడపిల్లల్ని చూసినట్టు చూశాడు. "ఒక్కొక్కదాన్నీ దింపి, తడిగుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి, దేని చోట దాన్నే పెట్టాను. పొరపాటు పడలేదు."

"తలకిందులు చేశావా?"

"చెయ్యకపోతే అడుగున దుమ్మెలా పోతుంది?"

హారాధన్ మెట్ల వైపు ఒకసారి చూసి, దగ్గరకు జరిగి గొంతు తగ్గించాడు.

"ఒకదాంట్లో పైకి నూనె తేలింది. చూసే ఉంటావు నువ్వు. నా గుండె జారిపోయింది. మనవాడి హైదరాబాదు కాస్తా నూనె మీద తేలిపోతోందిరా అనుకున్నాను. రంగు డబ్బా ఊపినట్టు ఊపాను. చూడు ఎలా కలిసిపోయిందో. భగవంతుడి దగ్గర చేసిన పని ఎక్కడికీ పోదు." భుజం తట్టాడు. "శనగలు తిను. పేరుకు బైరాగివే గాని నీకూ సంసారం ఉంది కదా."

అతను వెళ్లిపోయాక బైరాగి శనగలు ఒక్కొక్కటే తిన్నాడు. అయితే నిజంగానే చూశాడన్నమాట. కళ్లు కల్పించుకోలేదు. ఆ సంగతికి తను ఎంత నిరాశ పడ్డాడో గమనించి అతనికి ఆశ్చర్యం వేసింది. పొద్దుటి నుంచి తన కళ్లు అబద్ధమాడాయని రుజువు చేసుకోవాలని తంటాలు పడుతున్నాడు. ఇప్పుడు ఇంకొకరి కళ్లు సాక్ష్యానికి వచ్చాయి. ఆ సాక్షి మరి నోరు విప్పడు. తనూ విప్పకపోతే ఈ లోకంలో ఆ పొర ఎప్పుడూ లేనట్టే. హైదరాబాదులో మూత తీసి ముద్ద చిక్కదనం కొలుస్తారు. కాస్త సడలినట్టు తేలుతుంది. ఐదేళ్ల దానికి ఆ మాత్రం సడలింపు ఉంటుందిలే అని ఒప్పుకుంటారు. పట్టుబడదు. పట్టుబడదన్న నిశ్చయం గదిలోని వేడి కంటే దగ్గరగా వచ్చి అతని మీద కూర్చుంది.

*

ఏక్‌బాల్‌పూర్ సందులో, పూజ నాడు ఎగరేయగా తెగిన గాలిపటాలు కరెంటు తీగలకు ఇంకా వేలాడుతున్నాయి. కొళాయి దగ్గర ఆడవాళ్లు బైరాగిని చూసి దారి ఇచ్చారు, ఎప్పుడూ ఇవ్వనంత దారి. ఊరు వదిలిపోయేవాళ్లకిచ్చే మర్యాద అది.

ఇంట్లో సుందరి దుప్పట్లు మూటగట్టి, మూట మీద కూర్చుని ముడి బిగిస్తోంది. గుమ్మంలో నాన్న పోలిరాజు బీడీ కాలుస్తున్నాడు. ఒకప్పుడు ఖిదిర్‌పూర్ డాకుల్లో ఓడల సరుకు దింపే ఖలాసీ. ఇప్పుడు గుమ్మమే అతని రేవు.

"బావా, పెట్టె తియ్యకు. సర్దీసినాను," అంది సుందరి.

"ఇంకా ఖాయం కాలేదు."

"కొళాయి కాడ అందరికీ సెప్పీసినాను. ఇంకా ఖాయమవడానికేటుంది?"

పోలిరాజు పొగ వదిలి అన్నాడు. "ఆ ఊర్లో ఓడలుండవట గదరా. ఓడనేని ఊర్లో జనం ఏటి సేస్తారు?"

"ఊపిరి పీలస్తారు మావా," అంది సుందరి. "ఈ కొంపలో గాలి కూడా పక్కింటోల్లు ఒగ్గిందే మనకి. కిటికీ ఉన్న ఇంట్లో ఒక్కపాలి పడుకుంటే సాలు నాకు. మంచాలు కూడా అక్కర్నేదు."

బైరాగి గోడకు చేరగిలి కూర్చున్నాడు. సుందరి అడిగేది ఎంత చిన్నదో చూస్తే అతనికి భయం వేసింది. పెద్ద కోరికైతే కాదనడానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. కిటికీని కాదనడం ఎలా?

"ఏటలాగున్నావు?"

"ఏటీ నేదు."

"ఏటీ నేనప్పుడు నువ్విలగుండవు. ఏటీ నేనప్పుడు ఈపాటి సప్పుడు కూడా సెయ్యవు." ఆమె ముడి బిగించి లేచింది. "వొండుతాను. ఆకలేస్తే అదే సెప్తావు."

పోలిరాజు బీడీ ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆ చేతుల మీద చర్మం మోచేతుల దాకా చారలు చారలుగా, అతికించిన కాగితంలా ఉంటుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న చేతులే. ఎందుకలా అయ్యాయో కూడా తెలుసు. ఏదో ఓడలోంచి దింపిన యాసిడ్ డ్రమ్ములు. అయినా ఎన్నడూ అడగని ప్రశ్న బైరాగి నోటికి ఆ పూట వచ్చింది.

"అయ్యా, ఆ డ్రమ్ములు కారతన్నాయని మీకెవులూ సెప్పనేదా?"

"సెప్పడానికి ఎవులున్నార్రా? మీద సూసినట్టు ముద్దరుంది. ముద్దరుంటే మంచి సరుకే అనుకుంటాం. బుజానికెత్తుకున్నాం."

"ముద్దరేసినోడి మీద కోపం రానేదా?"

పోలిరాజు కాసేపు ఆలోచించాడు. కోపం వచ్చిందో లేదో నిజంగానే గుర్తు చేసుకుంటున్నట్టు.

"ఆడెవుడో మాకు తెల్దు. మేమెవులమో ఆడికి తెల్దు. మొకం తెలీనోడి మీద కోపం ఎలగొస్తాదిరా? మీ యమ్మ సన్యాసమ్మ మీదొచ్చింది. వెన్న రాయమంటే నెయ్యి రాసింది, మంటెత్తిపోయింది." నవ్వి దగ్గాడు. "ఏటి, ఇప్పుడడుగుతన్నావు?"

"ఊరికే."

"ఊరికే అడగవు నువ్వు. నీది సిన్నప్పట్నించి కడుపులో మూట గట్టుకునే బుద్ది."

అన్నం తిన్నాక బైరాగి పడుకుని చూరు వైపు చూశాడు. చెబితే ఏమవుతుందో తేలికగానే ఊహించగలిగాడు. సుందరి మూట విప్పుతుంది. ఏడవదు. విప్పిన దుప్పటి దులిపి అతని కాళ్ల మీద కప్పుతుంది, అంతే. హారాధన్‌కు సంజాయిషీ నోటీసు వస్తుంది. యూనియన్ వాళ్లు గేటు దగ్గర 'చల్‌బే నా, చల్‌బే నా', సాగదు సాగదు, అని నినాదాలిస్తారు. ఉద్యోగం దిగిపోబోతున్న ముసలివాడు ఆ గుంపు వెనక నిలబడి తన వైపు చూస్తాడు. తిట్టడు. అర్థం కానట్టు చూస్తాడు. ఇక తను? తను కిందికి దిగుతాడు.

చెప్పకపోతే ఏమవుతుందో ఊహించడానికి మాత్రం అతని మనసు ఒప్పుకోలేదు. ఎక్కడో ఒక గిడ్డంగి, లోపల ఒక తొట్టి, అందులో నూనె పైకీ పొడి కిందికీ నెమ్మదిగా విడిపోవడం, ఎవరో గొట్టం తెరిచే మరచెయ్యి తిప్పడం. అక్కడ దాకా వచ్చి ప్రతిసారీ బొమ్మ చెరిగిపోయింది. ఆ మరచెయ్యి తిప్పేవాడికి ఎంత ప్రయత్నించినా మొహం రాలేదు.

*

రఘురాం రైలు దిగి, గెస్ట్‌హౌసులో స్నానం చేసి, తడి జుట్టుతోనే వచ్చాడు. సన్నగా, చలాకీగా ఉంటాడు. ముద్ద పాళ్లు కట్టింది ఆయనే. ఏడాదికోసారి వచ్చి జాడీల ముందు నిలబడినప్పుడు ఆయన మొహంలో పరీక్ష ఫలితాలు చూసుకునే విద్యార్థి కనపడతాడు.

మెట్లు దిగుతూనే అన్నాడు. "మీ క్వార్టరు సంగతి మాట్లాడి పెట్టానండీ బైరాగి గారూ. మొదటి అంతస్తు. రెండు వైపులా కిటికీలు. మీ ఆవిడకు చెప్పండి, మధ్యాహ్నం నిద్రపోతే దుప్పటి ఎగిరిపోతుంది."

"చెప్తాను సార్."

"ఈ గదిలో ఐదేళ్లు ఎలా ఉన్నారో గాని. నాకు పావుగంటకే తల తిరుగుతుంది."

ఒక్కొక్క జాడీకీ టార్చి ఆనించి చూస్తూ పోయాడు. బైరాగి వెనక నడిచాడు. తలుపు దగ్గర హారాధన్ చెక్కపెట్టెలో ఎండుగడ్డి పరుస్తున్నాడు. తెలుగు రాదు, కానీ వాళ్ల నడక వేగాన్ని బట్టి సంగతి బాగానే ఉందని గ్రహించినట్టు, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

మూడో జాడీ దగ్గర రఘురాం ఆగాడు.

"ఇదేమిటి, బొట్టు?"

"విశ్వకర్మ పూజ సార్. ఇక్కడ అన్నిటికీ పెడతారు."

"బాగుంది. పెళ్లికూతుళ్లలా పంపిస్తున్నారన్నమాట." నవ్వాడు. నవ్వుతూనే తల తిప్పి, మామూలుగా అడిగాడు. "కదపలేదు కదా?"

ఐదేళ్లలో అతన్ని ఎవరైనా అడగవలసిన ప్రశ్న అదొక్కటే. ఎదురుగా వచ్చి నిలబడింది. బైరాగి నోరు తెరిచాడు.

"గాజు మీద బొట్టే కద సార్," అంది ఆ నోరు.

తనే విన్నాడు ఆ మాటను, పక్కవాడి మాట విన్నట్టు. అందులో అబద్ధం లేదు. నిజమూ లేదు. ఎంత నున్నగా, ఎంత అలవాటుగా వచ్చిందో. ఎవరి నిద్రా చెడగొట్టకుండా ఒత్తిగిలే మనిషి ఎప్పుడూ ఇలాగే మాట్లాడతాడు కాబోలు. ఇన్నేళ్లూ తను మాట్లాడిన మాటలన్నీ ఇలాంటివేనేమో.

"అవును కదా," అన్నాడు రఘురాం. టార్చి ఆర్పాడు. గోడకు చెయ్యి ఆనించి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. "నెగ్గాం బైరాగి గారూ. నేను నమ్మలేదు. ఏదో ఒకటి నూనె విడుస్తుందనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాలుగేళ్లకే విడుస్తుందని మావాళ్లకు రాసి కూడా పెట్టాను."

జాడీలు ఒక్కొక్కటే గడ్డిలోకి దిగాయి. బైరాగే అందించాడు. ఐదేళ్లలో మొదటిసారి వాటిని చేత్తో ఎత్తడం. అనుకున్నదాని కంటే బరువుగా, గోరువెచ్చగా ఉన్నాయి. మూడోది అందించేటప్పుడు హారాధన్ అతని కళ్లలోకి చూసి, ఒక కన్ను చిన్నగా మూసి తెరిచాడు. అందులో వంచన లేదు. చెల్లెలి పెళ్లి చేసి పంపుతున్న అన్న చూపు అది.

ఖాళీ అయిన అరలను చూస్తుంటే గది పెద్దదైనట్టు అనిపించాలి. బైరాగికి అలా అనిపించలేదు. గోడలు అరల వెనక దాక్కుని ఇన్నాళ్లూ మర్యాదగా ఉన్నట్టూ, ఇప్పుడు బయటికి వచ్చినట్టూ ఉంది.

హారాధన్ మూత వేశాడు. నోట్లో మేకులు పెట్టుకుని, ఒకటి తీసి మూలన నిలబెట్టి, సుత్తితో కొట్టాడు. నేలమాళిగ దద్దరిల్లింది. ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ చేయనంత చప్పుడు.

ఇంకా సమయం ఉంది, అనుకున్నాడు బైరాగి. ఒక మేకే కదా.

"సాయంత్రం రైలుకే పార్సెలు ఎక్కిస్తాను," అంటున్నాడు రఘురాం. "మీరు నెల లోపల వచ్చెయ్యండి. ఆలస్యమైతే ఆ క్వార్టరు ఇంకెవడో తన్నుకుపోతాడు."

రెండో మేకు. హారాధన్ చెయ్యి లేచి పడుతోంది. ఇంకా సమయం ఉంది. పెట్టె స్టేషనుకు పోయే లోగా చెప్పవచ్చు. రైలు కదిలే లోగా చెప్పవచ్చు. హైదరాబాదు వెళ్లాక, కిటికీ దగ్గర తీరిగ్గా కూర్చుని చెప్పవచ్చు. అప్పటికి హారాధన్ కూడా ఉద్యోగం దిగిపోతాడు, ఎవరికీ నొప్పి ఉండదు. మనసు ఎంత దయగా ఏర్పాట్లు చేస్తోందో చూసి బైరాగికి దాని మీద అసహ్యం కూడా కలగలేదు. దానికి తెలిసిన విద్య అదొక్కటే, చల్లారే దాకా ఆగడం.

మూడో మేకు వంకరపోయింది. హారాధన్ దాన్ని తిట్టి, పీకి, ఇంకోటి నిలబెట్టాడు. ఆ కాస్త ఆలస్యంలో చప్పుడు ఆగి, గది పాత నిశ్శబ్దంలోకి వచ్చింది. ఎవరైనా ఇప్పుడు అడిగితే బాగుండు, అనుకున్నాడు బైరాగి. రఘురాం ఇంకొక్కసారి, కాస్త గట్టిగా, అనుమానంగా అడిగితే. డైరెక్టరు గారు మెట్ల మీది నుంచి కేకేస్తే. హారాధన్ భయపడి తనే ఒప్పుకుంటే. ఎవరో ఒకరు తోస్తే తను కదిలిపోతాడు, సందేహం లేదు. ఒక్క తోపు చాలు. అతను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. రఘురాం చేతిగడియారం చూసుకుంటున్నాడు. హారాధన్ మేకు మొన చూసుకుంటున్నాడు. ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. ఎవరూ తోయబోవడం లేదు. తన జీవితంలో ఎవరూ తోయని క్షణం ఇదేనని అతనికి అప్పుడు తెలిసింది. తెలిసినా ఒళ్లు కదల్లేదు. అరికాళ్లు నేలకు అంటుకుని ఉన్నాయి. చొక్కా వీపుకు అంటుకుని ఉంది. నోటిని నమ్మడానికి లేదు, ఇందాక అది ఏం చేసిందో చూశాడు.

తాళంచెవి నాది, అనుకున్నాడు. ఎవరడిగినా అదే చెప్పాలి. గది నాది, చెవి నాది, దాన్ని చేతిలోంచి వదిలింది నేను. హారాధన్ పేరు ఎత్తే అవసరం రాకుండా ఆ మాట సరిపోవచ్చు. సరిపోకపోవచ్చు కూడా. సుందరికి చెప్పే మాట మాత్రం ఇంకా దొరకలేదు. దానికోసం ఆగితే అది ఎప్పటికీ దొరకదు.

హారాధన్ సుత్తి ఎత్తాడు.

బైరాగి చెయ్యి చాచి, గాలిలో ఉన్న ఆ సుత్తి పిడిని పట్టుకున్నాడు. హారాధన్ మేకుల నోటితోనే ఏదో అనబోయి, అతని మొహం చూసి వేళ్లు వదులు చేశాడు.

"రఘురాం గారూ, మీరు కొంచెం ఆ స్టూలు మీద కూచోండి," అన్నాడు బైరాగి. మోకాళ్ల మీద కూర్చుని, సుత్తిని వెనక్కి తిప్పి, చీలిన కొసను మొదటి మేకు తల కిందికి పోనిచ్చి పైకి ఎత్తాడు.